పక్షిపిల్లకి ఉన్న నియమం

ఫోటోగ్రఫీ పోటీల్లో 'నేచర్' అని ఒక విభాగం ఉంటుంది. అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సంస్థలు కలిసి రాసుకున్న దాని నిర్వచనం ప్రకారం ఏ ఫోటో కన్నా ఆ ప్రాణి క్షేమమే ముఖ్యం. బతికున్న జీవిని ఎర వేసి తీసిన ఫోటో చెల్లదు. పక్షిపిల్లని గూట్లోంచి బయటపెట్టి తీసినా చెల్లదు. చాలా మంచి నియమం.

ఇక అదే పోటీలో మనుషులుండే విభాగాలు చూడండి. చెట్టు కింద బిడ్డకి పాలిస్తున్న కూలి తల్లి. మేడారం జాతరలో జంపన్న వాగులో మునిగి తడిబట్టలతో లేస్తున్న స్త్రీ. లంబాడీ అవ్వ ముఖం మీది ముడతలు. గుంటూరు మిరప కల్లాల్లో ఎర్రటి రాశుల మధ్య వంగిన ఆడవాళ్లు. కింద 'మాతృత్వం' అనో 'శ్రమ సౌందర్యం' అనో శీర్షిక. వీళ్ల క్షేమం గురించి నా చేతికిచ్చిన నిబంధనల్లో ఒక్క వాక్యం కూడా ఎప్పుడూ కనిపించలేదు.

కొన్నేళ్లుగా ఈ పోటీలకి ఫోటోలు పంపుతున్నాను, జ్యూరీల్లోనూ కూర్చుంటున్నాను. చీకటి గదిలో ముగ్గురం ఉంటాం. తెర మీద ఫోటో కొద్ది సెకన్లు నిలుస్తుంది, బటన్ నొక్కి మార్కు వేయాలి. తీసినవారి పేరు మాకు కనిపించదు. నిష్పాక్షికత కోసం అంటారు, సరే. ఫోటోలో ఉన్న మనిషి పేరు కూడా కనిపించదు. అది దేనికోసం? ఒకసారి నదిలో స్నానం చేస్తున్న స్త్రీ ఫోటో వచ్చింది. "ఈ సంగతి ఈమెకి తెలుసా?" అని అడిగాను. "ఆ వెలుతురు చూడండి మేడమ్" అన్నాడు పక్కనున్న పెద్దాయన. నేను అతి తక్కువ మార్కు వేశాను. మిగతా ఇద్దరి మార్కులతో దానికి మెడల్ వచ్చింది.

ఇది మన ఊరి క్లబ్బుల జబ్బు మాత్రమే కాదు. 1985లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమైన ఆఫ్ఘన్ బాలిక పేరు షర్బత్ గులా అని లోకానికి తెలియడానికి 2002 దాకా పట్టింది. ఆనాడు ఫోటో తీస్తుంటే తనకి కోపం వచ్చిందని ఆమె చెప్పింది. మనమేమో ఆ కళ్లలో అందాన్ని చదువుకున్నాం. 2017లో లెన్స్‌కల్చర్ తన ఫోటో పోటీ ప్రచారానికి ఫేస్‌బుక్‌లో వాడిన ఫోటోలో, విటుడి కింద ఉన్న మైనర్ బాలిక ముఖం స్పష్టంగా కనిపిస్తుంది. గొడవయ్యాక తీసేశారు. లైంగిక నేరానికి గురైన పిల్లల గుర్తింపుని బయటపెట్టడం మన దేశంలో 2012 పోక్సో చట్టం ప్రకారం నేరం. ఆ ఫోటోని ఎంపిక చేసినవారికి అది ముందు ఎందుకు తట్టలేదు?

1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణని ఒక ఇంగ్లీషు మహిళకి అప్పగించాడు. పరదా స్వేచ్ఛ అని నేననను. కానీ కెమెరా వెనక ఎవరుండాలన్న పట్టింపు ఆ ఇళ్ల స్త్రీల విషయంలో ఉంది. ఇవాళ్టి కూలి తల్లి విషయంలో లేదు. కులమూ, వర్గమూ కెమెరాకి బాగా తెలుసు. ఏ క్లబ్బు సభ్యుడైనా తన ఇంటి కోడలు పాలిస్తుంటే తీసి పోటీకి పంపుతాడా?

అడిగితే సహజత్వం పోతుందంటారు. తీసే క్షణంలో అడగలేకపోతే తీశాక అడగొచ్చు కదా. పోటీకి పంపడం క్షణంలో జరిగేది కాదు. ఆడవాళ్ల శ్రమ వెలుగులోకి రావద్దా అని మనల్నే ఎదురు ప్రశ్నిస్తారు. రావాల్సిందే. కానీ మిరప ఘాటుకి మండే కళ్లూ, చేతులూ, చేతికొచ్చే కూలీ ఆ ఫోటోలో ఎక్కడున్నాయి? మనకి కనబడేది ఎరుపు రంగు, దానికొచ్చిన మార్కులు.

నేను అడిగేవి చిన్న విషయాలే. ప్రవేశపత్రంలో ఒక గడి ఉండాలి: ఈమెని అడిగారా, ఏమంది? పేరు చెప్పడం ఇష్టమైతే శీర్షిక స్థానంలో ఆ పేరు ఉండాలి. ప్రింటు ఒకటి ఆమెకి చేరాలి, బహుమతి డబ్బులో భాగం కూడా. జ్యూరీలోకి పిలిచే ఆడవాళ్లమంతా ఈ షరతు ముందే చెబుదాం. ఆ గడి ఖాళీగా ఉన్న ఫోటోకి, వెలుతురు ఎంత బాగున్నా, మార్కు వేయవద్దు.