తుడవనివ్వని పలక



టాబ్లెట్టు అనే మాటకు బదులు నేను పలక అని వ్రాస్తూ ఉంటే కొందరు మిత్రులు నవ్వుకుంటున్నారు. నవ్వుకోనివ్వండి. ఐరోపా సమాఖ్య వారు 2023లో చేసిన నిబంధనలలో ఈ వస్తువును 'స్లేట్ టాబ్లెట్' అనే పేర్కొన్నారు. వారికి లేని సంకోచం మనకెందుకు? అయితే ఈ మాటను వాడుతూ ఉండగా నాకొక సందేహం పుట్టింది. పలకకు ఉండవలసిన ప్రధాన లక్షణం ఈ వస్తువుకు ఉన్నదా?

మూడు దశాబ్దాలకు పైగా బడిలో పలకల నడుమ బ్రతికినవాణ్ణి. చెక్క చట్రం ఊడిపోయినా అది పలకే. మూల పగిలినా పలకే. తడిగుడ్డ పెట్టి తుడిస్తే చెరగకపోతే మాత్రం దానిని పలక అనరు, శిలాశాసనం అంటారు. నేడు అంగళ్లలో అమ్ముతున్న పలకలలో అధికభాగం శిలాశాసనాలే. సంస్థవారు ఒకసారి వ్రాసినది కొన్నవాడు చెరపరాదు. వారు వ్రాయడం మానివేసిన తరువాత కూడా చెరపరాదు.

నా వాదం ఇది. సొమ్ము పెట్టి కొన్న పలకలోని నిర్వహణ వ్యవస్థను తీసివేసి, లినక్సు వంటి స్వేచ్ఛా వ్యవస్థను వేసుకొనే అధికారం కొన్నవాడికి ఉండితీరాలి. అది సంస్థ దయతలచి ఇచ్చే వరంగా ఉండకూడదు.

నా బీరువాలో ఒక పలక ఉన్నది. తయారుచేసిన వారి పేరు వ్రాయను. అద్దం మీద గీత లేదు. బ్యాటరీ ఇప్పటికీ అయిదు గంటలు నిలుస్తుంది. మూడవ ఏట దానికి భద్రతా సవరణలు రావడం ఆగిపోయింది. కొంతకాలానికి బ్యాంకువారి యాప్ 'మీ పరికరం పాతది' అని తలుపు మూసింది. ఆపైన విహరిణి కొత్త కూర్పు ఎక్కనన్నది. సేవాకేంద్రానికి వెళితే, పాతదిచ్చి కొత్తది తీసుకోండి, వెయ్యి రూపాయలు తగ్గిస్తామన్నారు. బూట్‌లోడరు తెరిచే మార్గం చెప్పవలసిందిగా ఉత్తరం వ్రాస్తే, ఈ నమూనాకు ఆ సదుపాయం లేదని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని పిల్లలకు చెప్పేవాణ్ణి గాని, ఇక్కడ అదే సరిగ్గా సరిపోతుంది. పలక చెడిపోలేదు, వదలివేయబడింది.

బూట్‌లోడరు సంగతి తెలియని వారికి రెండు మాటలు. మీట నొక్కగానే ముందుగా మేలుకొని, ఏ నిర్వహణ వ్యవస్థను లేపాలో నిర్ణయించే చిన్న ప్రోగ్రాము అది. తన ముద్ర ఉన్న వ్యవస్థను తప్ప మరొకదాన్ని లేపవద్దని సంస్థ దానికి ఆజ్ఞాపిస్తుంది. ముద్ర వేసే తాళపుచెవి సంస్థ దగ్గరే ఉంటుంది. ఇల్లు మీది, రిజిస్ట్రేషను మీ పేరిట, తాళపుచెవి మాత్రం అమ్మినవాడి మొలత్రాటికి!

అదే బీరువాలో మరొక పలక ఉండేది. ఇంకా పాతది, ఇంకా చవకది. ఇంటెల్ వారి ఆటమ్ ప్రాసెసరు, 2 జీబీ మెమరీ, విండోస్ 8.1తో వచ్చింది. ఇప్పుడది బీరువాలో లేదు, నా వ్రాతబల్ల మీద ఉన్నది. దానిలో డెబియన్ లినక్సు నడుస్తున్నది. పని సులభంగా జరిగిందని బడాయి పోను. ఆ తరపు పలకలలో ఒక వింత ఉన్నది. ప్రాసెసరు 64 బిట్లది, దాన్ని మేల్కొలిపే యూఈఎఫ్ఐ మాత్రం 32 బిట్లది. గుర్రం ఒక దేశానిది, కళ్లెం మరొక దేశానిది అన్నమాట. మామూలు లినక్సు యూఎస్‌బీని అది గుర్తించనే గుర్తించదు. డెబియన్ వారు 2015లో వెలువరించిన 8వ కూర్పులోనే ఈ చిక్కుకు పరిష్కారం చేర్చారు. ఎవరి లాభం కోసం చేర్చారు? ఆ పలకలు అమ్మినవారితో డెబియన్‌కు ఏ ఒప్పందమూ లేదు. చిక్కును ఎదుర్కొన్నవారు విప్పారు, విప్పినది అందరికీ పంచారు.

ఎక్కించిన తరువాత తెర అడ్డంగా తిరిగి వచ్చింది, ఒక వాక్యం మార్చితే నిలబడింది. స్పర్శ పనిచేయడానికి ఒక ఫర్మ్‌వేరు ఫైలు వెదికి పెట్టవలసి వచ్చింది. కెమెరా ఈనాటికీ పనిచేయదు. నిద్రపుచ్చితే రాత్రికి రాత్రే బ్యాటరీ సగం త్రాగేస్తుంది, అందువల్ల పూర్తిగా ఆపివేస్తాను. ఇవి లోపాలే, కాదనను. కాని లోహిత్, పోతన ఖతులు రెండూ అందులో ఉన్నాయి. ఇన్‌స్క్రిప్టు కావాలంటే ఇన్‌స్క్రిప్టు, ఆర్‌టీఎస్ కావాలంటే ఆర్‌టీఎస్. ఆర్కైవు జాలస్థలి నుండి దింపుకొన్న పాత తెలుగు ప్రతులను రాత్రిపూట అందులోనే చదువుకుంటున్నాను. భద్రతా సవరణలు వస్తూనే ఉన్నాయి. సంస్థ ఎప్పుడో మరచిపోయిన పలకకు!

ఇంటెల్ పలకకు సాధ్యమైనది మిగిలినవాటికి ఎందుకు సాధ్యం కాదని అడుగుతారు. ఇంటెల్ పలకలు పీసీ వంశానికి చెందినవి. లోపల ఏయే భాగాలున్నాయో అవే వ్యవస్థకు చెప్పుకుంటాయి. ఆర్మ్ ప్రాసెసర్ల పలకలు సాధారణంగా అలా చెప్పవు. ప్రతి నమూనాకూ విడిగా ఒక వర్ణన వ్రాసి కెర్నెలుకు అందించాలి. ఆ వర్ణనా, డ్రైవర్ల మూలమూ తయారీదారుల దగ్గర ఉంటాయి. ఇక్కడే నాకు కోపం వచ్చే విషయం ఉన్నది. ఆండ్రాయిడ్ లోపల నడిచేది లినక్సు కెర్నెలే. అది జీపీఎల్ 2వ కూర్పు కింద లోకానికి ఇచ్చినది. దానిని పరికరంలో పెట్టి అమ్మినవారు మార్పులతో సహా మూలాన్ని ఇవ్వాలి. ఇవ్వని వారెందరో. ఇచ్చినవారిలో కూడా తాళం వేసి ఇచ్చేవారే ఎక్కువ. ఇదిగో మూలం, మార్చుకో. మార్చినదాన్ని మాత్రం ఈ పలకలో నడపనివ్వం అంటారు. టీవీ కార్యక్రమాలు ముద్రించే టీవో అనే పెట్టె చేసిన పని ఇదే. ఆ మార్గం మూయడానికే 2007లో జీపీఎల్ 3వ కూర్పు వచ్చింది. కెర్నెలు మాత్రం 2వ కూర్పులోనే ఉండిపోయింది. ఊరి చెరువు నీరు తెచ్చి, కుండలో పోసి, మూతకు సీలు వేసి ఆ ఊరివారికే అమ్మడం న్యాయమైతే ఇదీ న్యాయమే.

ఇక భాష మాట. ఇది మనకు దగ్గరి సంగతి. తెరనిండా డబ్బాలు కనబడుతుంటే తెలుగు చదవడానికి మనం పడిన పాట్లు మీకు గుర్తుండే ఉంటాయి. కంప్యూటరులో ఆ కష్టం తీరేసరికి చరవాణిలో మళ్లీ మొదలైంది. ఆండ్రాయిడ్‌తో తొలి ఫోను వచ్చింది 2008లో. అందులో తెలుగు సవ్యంగా కనబడింది 2012లో, జెల్లీ బీన్ అనే 4.1 కూర్పులో. అంతకు ముందు పరికరంలోకి ఎలాగో చొరబడి ఖతిని చేర్చినా, 'స్త్రీ' అనే అక్షరం మూడు ముక్కలై పడేది. ఖతి ఉంటే చాలదు, వత్తులనూ గుణింతాలనూ కూర్చే విద్య వ్యవస్థకు తెలియాలి. సరే, 2012లో తెలిసింది. అప్పటికే అమ్ముడైన పరికరాల మాటేమిటి? చాలా సంస్థలు వాటికి ఆ కూర్పును ఇవ్వలేదు. ఇచ్చినవారు సయనోజెన్‌మాడ్ వంటి స్వచ్ఛంద బృందాలు. తాళం తెరిచిన పరికరాలకు ఆ దారిన తెలుగు వచ్చింది. తాళం తెరుచుకోని పరికరాలు డబ్బాలు చూపిస్తూనే కాలం చేశాయి. సయనోజెన్‌మాడ్ 2016 చివర మూతపడినా, మూలం బహిరంగం కనుక లీనియేజ్ పేరిట ఆ పని సాగుతూనే ఉన్నది.

ఆంగ్లం వాడేవాడికి ఈ నిరీక్షణ లేదు. అతని అక్షరాలు మొదటి రోజునే పనిచేస్తాయి. చిన్న అంగడి అనిపించుకున్న భాషలవారే ప్రతిసారీ గుమ్మం ముందు నిలబడాలి. కనుక ఈ తాళం ఇంగ్లీషువాడికన్నా తెలుగువాడికే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఈ సందర్భంలో ఆకాశ్ పలకను తలచుకోవాలి. 2011 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ఆవిష్కరించింది. తొలి పలకలను మన హైదరాబాదులోనే అమర్చారు. 366 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసరు, 256 ఎంబీ మెమరీ, వ్రేలితో గట్టిగా నొక్కితే గాని పలకని తెర. లోకమంతా ఎగతాళి చేసింది, చేయదగినదే. 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్-2 సంగతి మాత్రం వేరు. అందులో ఆల్‌విన్నర్ ఏ13 అనే చిప్పు ఉన్నది. మేలుకోగానే అది ముందు మెమరీ కార్డు వైపు చూస్తుంది. కార్డులో వ్యవస్థ ఉంటే దానిని లేపుతుంది, లేకపోతే లోపలి ఆండ్రాయిడ్‌ను లేపుతుంది. ముంబయి ఐఐటీ వారు ఆ కార్డు మీద గ్నూ/లినక్సును పెట్టి నడిపించారు. కార్డు పెడితే లినక్సు, తీస్తే ఆండ్రాయిడ్! అంత చవక పలకలో ఉన్న సౌకర్యం, దానికి ఇరవై రెట్లు ఖరీదు చేసే నేటి పలకలలో లేదంటే ఏమనాలి? సాంకేతిక అసాధ్యత అనే మాట ఇక చెల్లదు. ఇది కోరి వేసిన తాళం.

తాళం గతి ఏమవుతుందో చూడాలంటే మైక్రోసాఫ్ట్ వారి సర్ఫేస్ ఆర్‌టీ ఉన్నది. 2012లో వచ్చింది. ఆర్మ్ ప్రాసెసరు, సంస్థ ముద్ర లేనిదేదీ మేలుకోకుండా కట్టడి. 2023 జనవరితో ఆ వ్యవస్థకు ఆదరణ ముగిసింది. అందులో నేడు లినక్సు నడుపుతున్నవారు లేకపోలేదు, రక్షణలోని ఒక లొసుగును వాడుకొని చొరబడినవారు. తన ఇంట్లోకి తానే కన్నం వేసుకొని దూరవలసిన స్థితి!

ఇప్పుడు పూర్వపక్షం. మొన్న ఒక పూర్వవిద్యార్థి, సాఫ్టువేరు ఉద్యోగి, నాతో వాదించాడు. "మాస్టారూ, తాళం మీ రక్షణకే. లేకపోతే దొంగ మీ పలక తుడిచి అమ్ముకుంటాడు. దారినపోయేవాడు దొంగ వ్యవస్థ ఎక్కిస్తాడు." ఈ మాటలో సత్యం లేకపోలేదు. తాళం వద్దని నేననడం లేదు, తాళపుచెవి ఇమ్మంటున్నాను. గూగుల్ వారి పిక్సెల్ టాబ్లెట్‌లో తాళం తెరిచి, గ్రాఫీన్ వంటి వేరే వ్యవస్థను ఎక్కించి, ఆ వ్యవస్థ ముద్రతోనే మళ్లీ తాళం వేసుకోవచ్చు. రక్షణా ఉన్నది, అధికారమూ ఉన్నది. పైగా సవరణలు ఆగిపోయిన పలకకు తాళం ఏ రక్షణ ఇస్తుంది? తెలిసిన కన్నాలన్నీ తెరిచే ఉంటాయి, వాటిని పూడ్చే తాపీమేస్త్రీని మాత్రం లోపలికి రానివ్వరు.

"సామాన్యుడికి లినక్సు ఎందుకండీ?" అని అతని రెండవ ప్రశ్న. నీటి మోటారు విప్పడం నాకూ రాదు. వీధి చివర మెకానిక్కుకు వచ్చు. మోటారుకు విప్పరాని మరలు బిగిస్తే నష్టం మెకానిక్కుకా, నాకా? తాళం తెరిస్తే కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయవన్నాడు. నిజమే. కాని సవరణ లేని పాత పలకలో కూడా అవి పనిచేయడం లేదు కదా అంటే, నవ్వి ఊరుకున్నాడు.

అసలు నష్టం బడులలో జరుగుతుంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా పలకలు పంచనారంభించింది. పాఠాలు బైజూస్ వారివి. ఆ సంస్థ 2024లో దివాలా ప్రక్రియలో పడింది. ఏ పార్టీ మీదా నాకు వ్యాజ్యం లేదు, పిల్లల చేతికి పలక ఇవ్వడం మంచిపనే. నా ప్రశ్న కొనుగోలు షరతుల గురించి. లక్షల లెక్కన కొనేవాడి మాట ఏ తయారీదారైనా వింటాడు. ఆదరణ ముగిసిన నాడు తాళం తెరిచి ఇవ్వాలి, కెర్నెలు మూలమూ ఆ నమూనా వర్ణనా బహిరంగపరచాలి అని రెండు వాక్యాలు టెండరులో చేర్చడానికి అడ్డేమిటి? ప్రభుత్వ వ్యవస్థలలో స్వేచ్ఛా సాఫ్టువేరును ఎంచుకోవాలని 2015లో కేంద్రమే విధానం ప్రకటించింది. కేరళ ప్రభుత్వ బడులలో పిల్లలు ఏళ్ల తరబడి లినక్సు మీదనే చదువుకుంటున్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ వారు తెలుగులో లినక్సును ఎప్పుడో సిద్ధం చేశారు. ఐరోపాలో 2025 జూను 20 నుండి, అమ్మకం ముగిసిన తరువాత కనీసం 5 ఏళ్లు వ్యవస్థా సవరణలు ఇవ్వాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. తాళపుచెవిని వారూ అడగలేదు. మనం అడగవచ్చు.

ఇంటిలో ఇంటెల్ ప్రాసెసరున్న పాత పలక మూలపడి ఉన్నవారు అటకెక్కించకముందు డెబియన్ ప్రయత్నించండి. కీబోర్డు, యూఎస్‌బీ రెండూ ఒకేసారి తగిలించడానికి ఒక ఓటీజీ హబ్బు కావాలి, మూడు నాలుగు వందలు అవుతుంది. ఆటమ్ పలకలో కెమెరాను పనిచేయించినవారు మీలో ఎవరైనా ఉంటే ఆ కిటుకు వ్యాఖ్యలో వ్రాయగోరుతున్నాను.