కిష్టయ్యను మూగవాణ్ణి చేసిందెవరు?

2024 డిసెంబర్ 23న శ్యామ్ బెనెగల్ చనిపోయారు. ఆ రాత్రి నా ఫోన్ నిండా 'అంకుర్' చివరి సీనే. పిల్లాడు రాయి విసురుతాడు, దొర కిటికీ అద్దం పగులుతుంది, తెర ఎర్రబడుతుంది. పంపినవాళ్లలో ప్రొఫెసర్లున్నారు, కామ్రేడ్లున్నారు. కిష్టయ్య మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

తెలంగాణ పల్లెలో జరిగే ఆ 1974 సినిమాలో కుమ్మరి కిష్టయ్య చెవిటివాడు, మూగవాడు. కల్లు దొంగిలించాడని గుండు గీసి గాడిద మీద ఊరేగిస్తారు. చివర్లో పని అడుగుదామని వస్తుంటే, కొట్టడానికే వస్తున్నాడనుకుని దొర కొడుకు సూర్య కొరడాతో బాదుతాడు. ఒక్క మాట లేని ఆ పాత్రకు సాధు మెహర్‌కు ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. నటనను తప్పు పట్టడం లేదు. ఆ మౌనం అణచివేతకు ప్రతీక అంటారు చూడండి, అక్కడే నాకు పేచీ. మా తాత ఏనాడూ మూగవాడు కాదు. దొర గడీ ముందే అరిచాడు. వినాల్సినవాళ్లు వినలేదు, అంతే.

ఎం.ఏ. చదివే రోజుల్లో ఒక ఫిల్మ్ క్లబ్‌లో ఇదే అడిగాను. 'కళలో కులం వెతక్కు' అన్నాడు నడిపే ఆయన. కథలో కులం ఉండొచ్చట, కెమెరా వెనుక కులం గురించి మాత్రం అడగకూడదట!

బెనెగల్ మనసు మంచిది కాదని నేననను. సికింద్రాబాద్ తిరుమలగిరిలో సారస్వత బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, మన పల్లెల హింసను హిందీ తెర మీదకు తెచ్చారు. 'మంథన్'లో భోలాకు నోరుంది, కోపముంది. పట్నం నుంచి వచ్చిన డాక్టర్ రావు వెళ్లిపోయాక సహకార సంఘాన్ని ముందుకు తీసుకెళ్లేది అతనే. 5 లక్షల మంది గుజరాత్ పాల రైతులు తలా 2 రూపాయలు వేసుకుంటే తీసిన సినిమా అది.

టీవీకి వస్తే, 1988లో దూరదర్శన్‌కు నెహ్రూ పుస్తకం ఆధారంగా 53 ఎపిసోడ్ల 'భారత్ ఏక్ ఖోజ్' తీశారు. ఫూలేగా సదాశివ్ అమ్రాపూర్‌కర్ కనిపిస్తారు గానీ, దేశాన్ని మనకు చెప్పే గొంతు నెహ్రూదే. రాజ్యాంగ రచనపై 'సంవిధాన్' వచ్చేసరికి 2014 అయింది. అది 10 ఎపిసోడ్లు. అందులో అంబేడ్కర్‌గా సచిన్ ఖేడేకర్ చేశారు. గాంధీ మీద సినిమా తీశారు, బోస్ మీద తీశారు, ముజీబ్ మీద కూడా తీశారు. బాబాసాహెబ్ మీద సినిమా తీసింది జబ్బార్ పటేల్.

ఇంతా చేసి, నా ప్రశ్నను నాకంటే ముందే అడిగింది కూడా బెనెగలే. 'సమర్'లో ముంబై యూనిట్ ఒకటి మధ్యప్రదేశ్ పల్లెకు వెళ్లి, దళితుడికి జరిగిన అవమానాన్ని సినిమాగా తీస్తుంటుంది. తీస్తున్నకొద్దీ యూనిట్‌లోని కులమే బయటపడుతుంది. 1998కి ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు కూడా ఇచ్చారు. 'అంకుర్' తర్వాత దాదాపు పాతికేళ్లకు ఆయన కెమెరాను తన వాళ్ల వైపే తిప్పారు. నేను చదివిన నివాళుల్లో ఆ సినిమా పేరు చాలావాటిలో లేనే లేదు. పల్లె దొర కొరడాను చూసి కన్నీరు పెట్టడం సులువు. సెట్‌లో పక్క కుర్చీలో కూర్చున్నవాడి కులం చూడాలంటే ఇబ్బంది.

'మంథన్'ను కొత్త ప్రింటుతో 2024లో కేన్స్‌లో చూపించారు, సంతోషం. మా దగ్గర ఆ పాత ఫిల్మ్ క్లబ్ ఇప్పుడు బెనెగల్ సినిమాల వారం పెడుతోంది. జాబితాలో 'అంకుర్', 'నిశాంత్', 'మంథన్', 'భూమిక' ఉన్నాయి. 'సమర్' వేయమని రాశాను. ఇంకా జవాబు రాలేదు.