గడియారం చాలదు
మత్తు ఇచ్చే ముందు రోగి కడుపు ఖాళీ అయిందో లేదో అల్ట్రాసౌండ్‌తో చూసే పద్ధతి, రాయ్‌పూర్ టాటీబంధ్‌లోని ఎయిమ్స్ వంటి బోధనాసుపత్రులకు పరిశోధనాంశం కావడం స్వాగతించదగింది. నీళ్లకు 2 గంటలు, తేలికపాటి ఆహారానికి 6 గంటలు విరామం చాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నా, ‘రాత్రి నుంచి ఏమీ ముట్టొద్దు’ అన్నదే అనేక వార్డుల్లో శాసనం. ఆపరేషన్ ఆలస్యమయ్యేకొద్దీ పసివాళ్లు, వృద్ధులు దాహంతో అలమటించాల్సి వస్తుంది. మరోవైపు, దీర్ఘకాల మధుమేహుల్లో గంటలు గడిచినా కడుపు ఖాళీ కాకపోవచ్చు. అందులోనిది ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణాపాయమే. పడక పక్కనే కొద్ది నిమిషాల్లో ముగిసే ఈ పరీక్ష అందరికీ అక్కర్లేదు, అనుమానమున్న చోట తప్పనిసరి కావాలి. జిల్లా ఆసుపత్రుల మత్తు వైద్యులకు ప్రభుత్వాలు ఇందులో శిక్షణ ఇప్పించాలి. నీళ్ల నియమం అమలుకు మాత్రం ఏ యంత్రమూ అవసరం లేదు. ఆసుపత్రులు దాన్ని వెంటనే పాటించాలి.