ముందు చెప్పండి, తర్వాత గుర్తుచెయ్యండి



కోటప్పకొండ తిరునాళ్ల ఎప్పుడో మనకి ఎవరూ ఫోను చేసి చెప్పక్కర్లేదు. శివరాత్రి దగ్గర పడిందంటే చుట్టుపక్కల ఊళ్లల్లో ప్రభలు లేస్తాయి, చందాలోళ్లు గడప గడపకీ వస్తారు, మైకులు మోగుతాయి. అది దేనికో అందరికీ తెలుసు గనక తేదీ దానంతటదే గుర్తుంటుంది.

మరి ఆడపిల్లకి హెచ్.పి.వి. టీకా ఎప్పుడు వేయించాలో మన మాలపల్లెలో, మాదిగపల్లెలో ఎందరికి తెలుసు? ఆ టీకా ఎందుకో ఎవరైనా వచ్చి, కూర్చుని, చెప్పారా? చెప్పకుండా సెల్లుకి "ఫలానా తేదీన ఆసుపత్రికి రండి" అని మెసేజి కొడితే అది గుర్తుచెయ్యడం కాదు, హుకుం.

ముందు జబ్బు సంగతి. గర్భసంచి మూతికి వచ్చే క్యాన్సర్‌కి ఈ వైరస్సే మూలం. ఎక్కువగా ఆడ మగ కలయికతో అంటుకుంటుంది. చాలామందికి దానంతటదే పోతుంది. కొందరి ఒంట్లో తిష్ఠ వేసి పదిహేను, ఇరవై ఏళ్లకి క్యాన్సర్‌గా మారుతుంది. అందుకే వైరస్ తగలకముందే, 9 నుంచి 14 ఏళ్ల వయసులో టీకా వేస్తే బాగా కాస్తుంది. ఇది నడతకి సంబంధించిన టీకా కాదు, ప్రాణానికి సంబంధించిన టీకా. 2020 అంచనా ప్రకారం ఆ ఒక్క ఏడాదే మన దేశంలో 1,23,000 మందికి పైగా ఆడవాళ్లకి ఈ క్యాన్సర్ వచ్చింది, 77,000 మంది చనిపోయారు. కూలి పోతుందని నొప్పిని ఓర్చుకుని, ముదిరాక గానీ ఆసుపత్రి మెట్లెక్కని మన ఆడకూలీలకే ఇది ఎక్కువ ముప్పు.

అట్లయితే టీకా అంటే మన జనం ఎందుకు జంకుతారు? మూఢత్వం అంటారు పెద్దకులాల పెద్దమనుషులు. కాదు. మన జంకుకి చరిత్ర ఉంది. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14,000 మంది 10–14 ఏళ్ల ఆడపిల్లలకి ఈ టీకా వేశారు. అమెరికా సంస్థ పాత్, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. గేట్స్ ఫౌండేషన్ డబ్బు, మెర్క్ కంపెనీ గార్డసిల్ మందు. ఎవరి పిల్లలు? ఆదివాసీల పిల్లలు, దళితుల పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునే పేదల పిల్లలు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది.

ఖమ్మంలోనూ గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ చావులకి టీకాతో సంబంధం ఉన్నట్టు కనపడలేదని విచారణ కమిటీ చెప్పింది. ఆ మాట మనం దాచొద్దు. దాస్తే మన పిల్లలకే నష్టం. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం బయటపెట్టిన ఇంకో లెక్కని వాళ్లూ దాచకూడదు. ఆంధ్రలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు! కన్నతల్లి బతికుండగా కూతురి ఒంటి మీద సంతకం పెట్టే హక్కు వార్డెనుకి ఎవరిచ్చారు? ఇదే పని పట్నంలో కాన్వెంటు బడిలో చేయగలరా?

ఇంకో సంగతి వినండి. అదే సమయంలో దేశంలో వేరేచోట్ల నడుస్తున్న మరో పరీక్ష కూడా 2010లో మధ్యలో ఆగింది. దాంతో వేలమంది పిల్లలకి ఒక్క డోసే అందింది. వాళ్లని ఏళ్ల తరబడి గమనించి, ఒక్క డోసు కూడా గట్టిగానే కాస్తుందని 2021లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒక్క డోసుకి ఒప్పుకుంది. లోకానికి ఆ పాఠం మన దేశపు ఆడపిల్లల ఒంటి మీద నుంచి వచ్చింది. దాని ఫలం మన వాడకి అందరికంటే ఆఖర్న వస్తే ఒప్పుకుందామా?

గుర్తుచెయ్యడం వల్ల లాభం లేదా? ఉంది. ఉత్తరం, ఫోను, మెసేజి, ఏదో ఒక దారిలో గుర్తుచేస్తే టీకాలు వేయించుకునేవాళ్లు సగటున నూటికి ఎనిమిది మంది పెరుగుతారని పలు దేశాల అధ్యయనాలు కలిపి చూసిన 2018 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. కానీ మన ఇంట్లో సెల్లు ఎవరి జేబులో ఉంటుంది? మొగుడి జేబులో. మెసేజి వచ్చినా చదివేదెవరు? మిరప కోతల కాలంలో తెల్లారకముందే చేలోకి పోయిన తల్లికి పదింటికి ఫోను చేస్తే ఎత్తేదెవరు?

ఊళ్లో ఏ కబురు చాటాలన్నా మన మాదిగ డప్పుతోనే చాటించారు. పన్ను కబురు, పంచాయితీ కబురు, జాతర కబురు, అన్నీ వెట్టిగా మనమే మోశాం. మన ప్రాణానికి అక్కరకొచ్చే కబురు మాత్రం మన వాడ పొలిమేర దాటి లోపలికి రాదు! ఇప్పుడు సర్కారు జీతగాళ్లు వచ్చి మనకి చాటాలి. అది దయ కాదు, బాకీ.

అందుకని ప్రతి ఊళ్లో సంఘం ఈ డిమాండ్లు పెట్టాలి:

1. టీకా వేసే ముందు డాక్టరో ఏ.ఎన్.ఎమ్.మో వాడలోకొచ్చి, కూలి నుంచి ఇళ్లకొచ్చాక, సాయంత్రం పూట, తెలుగులో, అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పాలి.

2. సంతకం తల్లిదో తండ్రిదో కావాలి. వార్డెను సంతకం చెల్లదు. వద్దన్న ఇంటి మీద బెదిరింపు చెల్లదు.

3. కార్డు తెలుగులో ఉండాలి. రెండుసార్లు గుర్తుచెయ్యాలి. ఫోనులో మాటతో ఒకసారి, మనిషి ఇంటికొచ్చి ఒకసారి. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకి ఆ తిరుగుడుకి డబ్బివ్వాలి. ఆమె కూడా మన ఆడకూతురే.

4. టీకా వేశాక పిల్లకి జ్వరమొచ్చినా, కళ్లు తిరిగినా ఎవరికి చెప్పాలో పేరు, నంబరు కార్డు మీద రాయాలి. గుర్తుచేసినవాళ్లు తర్వాత కూడా వచ్చి పిల్లని చూడాలి.

5. 30 దాటిన తల్లులకి ఈ క్యాన్సర్ పరీక్ష దగ్గర్లోని సర్కారు ఆసుపత్రిలోనే చెయ్యాలి. క్యాన్సరని భయపెట్టి గర్భసంచులు కోసే ప్రైవేటు వ్యాపారానికి మన ఆడవాళ్లని వదిలెయ్యకూడదు.

టీకా వద్దనడం మన పోరాటం కాదు. మన పిల్లకి టీకా పడాలి. అడిగి వెయ్యాలి, చెప్పి వెయ్యాలి, మర్చిపోతే వచ్చి పిలవాలి. బాబాసాహెబ్ మనకి చదవమన్నాడు, కూడమన్నాడు, పోరాడమన్నాడు. ఈ వారమే మీ వాడలో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లల పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. తల్లులు ముందు నడవగా ఆ పుస్తకం పట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. "మా పిల్లలు వీళ్లు, మీ లెక్కలో ఉన్నారా?" అని అడగండి.

జై భీమ్!