నల్ల టీషర్టుకో న్యాయం, ఫ్లెక్సీకో న్యాయం

2011 అక్టోబరు 28న గుర్గావ్‌లో మెటాలికా అనే అమెరికా రాక్ బ్యాండ్ కచేరీ జరగాల్సి ఉంది. చివరి గంటల్లో వాయిదా అన్నారు, ఆ తర్వాత రద్దే అన్నారు. అప్పటికే మైదానంలోకి చేరిపోయిన అభిమానులు వేదిక మీదికి ఎక్కి సామగ్రి విరగ్గొట్టారు. చర్చంతా నిర్వాహకుల చేతగానితనం మీదే నడిచింది. పోలీసులు అరెస్టు చేసిందీ వాళ్ల మనుషులనే. రెండు రోజులకు అదే బ్యాండ్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించి వెళ్లింది. ఇప్పుడు ఇదే సంగతి హిందూపురంలోనో ధర్మవరంలోనో ఓ తెలుగు సినిమా విడుదల రోజున జరిగిందనుకుందాం. టికెట్లు అమ్మేశారు, ఆట పడలేదు, నాలుగు కుర్చీలు విరిగాయి. 'అభిమానుల వీరంగం' అని శీర్షిక పడుతుంది. టికెట్లు అమ్మి ఆట వేయనివాడి పేరు ఆ వార్తలో ఎక్కడో అడుగున ఉంటుంది, ఉంటే.

పాతికేళ్లుగా ఒకే బ్యాండ్‌ను పట్టుకుని, వచ్చిన ప్రతి ఆల్బమూ కొని, ఆ బొమ్మ ఉన్న నల్ల టీషర్టు వేసుకుని 2007లో ఐరన్ మెయిడెన్‌ను చూడటానికి బెంగళూరు దాకా పోయినవాడిని మనం అభిరుచి ఉన్నవాడంటాం. అతని పాతికేళ్ల పట్టుదల ముచ్చటగా ఉంటుంది. హిందూపురంలో నలభై ఏళ్లుగా బాలకృష్ణ సినిమా మొదటి ఆటకు తప్పకుండా పోయేవాడిని మాత్రం వెర్రివాడంటాం. ఇద్దరూ చేస్తున్న పని ఒక్కటే. ఎంచుకున్న కళాకారుడిని తమతో పాటు వయసు పెరుగుతుండగా చూస్తూ రావడం, అతని మంచి చెడ్డలను సొంతవాటిలా లెక్కపెట్టుకోవడం. ఒకరి అభిమానం ఇంగ్లిషులో ఉంది, ఇంకొకరిది నేల టికెట్లో మొదలైంది. తేడా అక్కడే ఉంది తప్ప బుద్ధిలో లేదని నా వాదన. మన దీర్ఘకాలపు అభిమానిని గుడ్డివాడని కొట్టిపారేయడానికి చూపే రుజువులు నిజానికి అందుకు విరుద్ధంగానే సాక్ష్యం చెబుతాయి.

ఆ రుజువుల్లో అందరూ ముందు చూపించేది హిందూపురాన్నే. తెర మీద చూసి మురిసిపోయి ఓటు కూడా అక్కడే గుద్దేస్తారట. 1985లో ఎన్టీఆర్ హిందూపురం, గుడివాడ, నల్గొండ మూడుచోట్లా నిలబడి మూడూ గెలిచి, హిందూపురాన్ని ఉంచుకున్నారు. 1989లో, 1994లో మళ్లీ ఇక్కడే గెలిచారు. ఆయన పోయాక 1996 ఉప ఎన్నికలో కొడుకు హరికృష్ణ, తర్వాత 2014, 2019, 2024లో వరసగా మరో కొడుకు బాలకృష్ణ. పైపైన చూస్తే అభియోగం నిజమే అనిపిస్తుంది. అయితే 1989లోనే ఎన్టీఆర్ కల్వకుర్తిలో ఓడిపోయారు. పాతాళభైరవి, మాయాబజార్ అక్కడా ఆడాయి కదా. 2009లో చిరంజీవి సొంత ప్రాంతమైన పాలకొల్లులో ఓడి తిరుపతిలో గెలిచారు. 2019లో పవన్ కల్యాణ్ భీమవరం, గాజువాక రెండుచోట్లా ఓడిపోయారు. జనం సభలకు రాక కాదు. వచ్చారు, ఈలలేశారు, ఇంటికి పోయి ఓటు వేరే లెక్కలో వేశారు. పోనీ హిందూపురాన్నే తీసుకుందాం. సినిమా ముఖం ఏదీ బరిలో లేని 1999, 2004, 2009 ఎన్నికల్లోనూ అక్కడ గెలిచింది అదే తెలుగుదేశం పార్టీ. అంటే నటుడు వచ్చి కట్టిన కోట కాదది, ఉన్న కోటలోకి నటుడు వచ్చాడు.

ఇంకొంచెం దగ్గరికి వెళ్లి 2019నే చూద్దాం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారి మీద ఉన్న ఊళ్లు. ఒకే సినిమా ఒకే శుక్రవారం మూడుచోట్లా పడుతుంది, ఒకే హీరోకు మూడుచోట్లా ఫ్లెక్సీలు లేస్తాయి. ఆ ఏడాది హిందూపురం బాలకృష్ణను గెలిపించింది, పెనుకొండ, ధర్మవరం వైఎస్సార్ కాంగ్రెస్‌కు పోయాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలోని పద్నాలుగు స్థానాల్లో తెలుగుదేశానికి మిగిలినవి హిందూపురం, ఉరవకొండ రెండే. ఎవరు గెలవాల్సింది, ఎవరు ఓడాల్సింది అన్నది ఇక్కడ విషయం కాదు. అభిమానమే ఓటును నడిపిస్తే గంటన్నర ప్రయాణంలో ఉన్న మూడు ఊళ్లు రెండు రకాలుగా ఆలోచించడం ఎలా కుదురుతుంది? అంతకంటే ఆసక్తికరమైన సంగతి మరొకటుంది. అదే ఏడాది జనవరి 9న 'ఎన్టీఆర్ కథానాయకుడు', ఫిబ్రవరి 22న 'ఎన్టీఆర్ మహానాయకుడు' విడుదలయ్యాయి. తండ్రి కథ, కొడుకు నటన, ముందు ఎన్నికలు. అభిమాని నిజంగా గుడ్డివాడైతే ఇంతకు మించిన సందర్భం దొరకదు. రెండు సినిమాలూ నిలబడలేదు. ఏప్రిల్ 11న మాత్రం హిందూపురం అదే మనిషికి ఓటేసింది. నచ్చని సినిమాను నచ్చలేదని తేల్చి, ఓటు సంగతి విడిగా తేల్చుకున్న జనాన్ని ఏ కొలతతో వెర్రివాళ్లంటాం?

సినిమా వరకే చూసినా కథ ఇంతే. 2004లో 'లక్ష్మీ నరసింహా' తర్వాత 2010 ఏప్రిల్‌లో 'సింహా' వచ్చే దాకా బాలకృష్ణకు నిలబడిన సినిమా లేదు. 'విజయేంద్రవర్మ', 'అల్లరి పిడుగు', 'వీరభద్ర', 'మహారథి', 'ఒక్క మగాడు', 'మిత్రుడు' ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఆ ఆరేళ్లూ పాత అభిమాని పార్టీ ఫిరాయించలేదు, అలాగని రెండోవారం థియేటర్ నింపనూ లేదు. మొదటి ఆట చూసి, బయటికి వచ్చి, 'ఈసారి కుదర్లేదప్పా' అనేసి పోయాడు. తర్వాత ఆట బుకింగ్ ఆ మాట మీదే ఆధారపడేది. సినిమా బాగుందో లేదో ముందుగా, ఏ మొహమాటమూ లేకుండా తేల్చేది అతనే. పరిశోధకుడు ఎస్.వి. శ్రీనివాస్ చిరంజీవి అభిమాన సంఘాల మీద 2009లో తెచ్చిన పుస్తకంలో చూపించింది కూడా ఇంచుమించు ఇదే. అభిమాని విధేయతకు షరతులుంటాయి. తారకు అతను భక్తుడు మాత్రమే కాదు, తార ఎలా ఉండాలో, ఏ పాత్ర వేయకూడదో చెప్పే హక్కు తనకుందని నమ్మే అధికారి కూడా. బెదిరిస్తాడు, అలుగుతాడు, మాట వినడు.

అతని లెక్కల పిచ్చి గురించి కూడా ఓ మాట. డైరెక్ట్‌గా వంద రోజులు ఆడిన కేంద్రాలెన్ని, షిఫ్టింగ్‌తో కలిపి ఎన్ని, సీడెడ్‌లో, అంటే రాయలసీమలో, పంపిణీదారు షేర్ ఎంత, అందులో థియేటర్లు ఒప్పందం మీద కట్టిన హైర్ ఎంత అన్నది సీమలో పాత అభిమానికి నోటికి వస్తుంది. పెద్ద థియేటర్‌లో యాభై రోజులాడి, అక్కడ కొత్త సినిమా పడగానే చిన్న థియేటర్‌కు మారి రోజుకో ఆటతో నూరో రోజు చేరడాన్ని ఎదుటి హీరో అభిమాని ఒప్పుకోడు. వీడు ఒప్పించక వదలడు. 2014లో వచ్చిన 'లెజెండ్' ప్రొద్దుటూరులో వెయ్యి రోజులు దాటి ఆడిందన్నది ఆ వర్గంలో పెద్ద ఘనత. ఇలాంటి రికార్డుల్లో ఎంత భాగం ఆడింది, ఎంత భాగం ఆడించింది అన్న ప్రశ్న సబబే. ఖాళీ కుర్చీలకు అద్దె కట్టి సాధించిన శతదినోత్సవాలు ఎన్నో ఉన్నాయని అభిమానులే ఒప్పుకుంటారు, ఎదుటి హీరో విషయంలో మాత్రమే అనుకోండి. అదొక ఆట, దానికి నియమాలున్నాయి, మోసాలూ ఉన్నాయి. క్రికెట్ సగటులు బట్టీపట్టినవాడిని మెచ్చుకుని వీడిని ఎగతాళి చేయడం దేనికి?

ఈ అలవాటు సినిమాతో పుట్టిందీ కాదు. ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో పుట్టింది ఈ ధర్మవరంలోనే. బళ్లారిలో వకీలుగా ఉంటూ సరసవినోదినీ సభ పెట్టి నాటకాలాడించారు. నాటక పద్యాన్ని రాగం పెట్టి పాడించిన తొలితరం వారిలో ఆయన ఒకరు. అదే ఊళ్లో కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ ఆయనకు పోటీ. ఆ తర్వాత పద్యనాటకం ఊరూరా పాకినప్పుడు ప్రేక్షకుడు ఊరకే కూర్చుని చూసినవాడు కాదు. రాగం బాగా తీస్తే 'వన్స్ మోర్' అని అరిచి మళ్లీ పాడించేవాడు. చచ్చిపడిన పాత్రధారి లేచి పద్యం రెండోసారి పాడి మళ్లీ చచ్చేవాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. ఫలానా నటుడు ఫలానా పద్యంలో ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో తెలిసిన రైతులు ఉండేవారు. ఆ చెవి కచేరీ హాల్లో కూర్చుంటే దాన్ని రసజ్ఞత అనేవాళ్లం. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బ్యాండ్‌కు ఇలాంటి అభిమానులే ఉండేవారు. ఊరూరా వెంట తిరిగి ప్రతి కచేరీనీ టేపుల్లోకి ఎక్కించుకునేవారు. 1984లో ఆ బ్యాండ్ వాళ్లను తరిమేయకుండా రికార్డు చేసుకోవడానికి ప్రత్యేకంగా చోటు కేటాయించింది. అభిమానులు చేతులు మార్చుకున్న టేపుల ద్వారానే పేరుకెక్కిన 1977 నాటి కార్నెల్ విశ్వవిద్యాలయం కచేరీ ఈనాడు అమెరికా జాతీయ రికార్డింగుల జాబితాలో ఉంది. మనదగ్గర పాత పాటల పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు, వాల్‌పోస్టర్లు ఇంటి అటకల మీద దాచింది ఎక్కువగా అభిమానులే, సంస్థలు కాదు. 1991 నాటి 'ఆదిత్య 369' 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లకు వచ్చిందంటే దాన్ని ముప్పై ఏళ్లు నోళ్లలో బతికించిన వాళ్లుండబట్టే. అందులో బాలకృష్ణ కృష్ణదేవరాయలు కూడా. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరానికి రాజధాని అయిన పెనుకొండలో ఆ సినిమా చూడటానికి ఇంకో రుచి ఉంటుంది.

బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటేయడానికి లేదు. ప్రాణాలు పోతున్నాయి. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర క్రికెట్ విజయోత్సవం వేళ పదకొండు మంది పోయారు. సెప్టెంబరు 27న కరూర్‌లో తమిళ నటుడు విజయ్ రాజకీయ సభలో చనిపోయినవారు 41 మంది. అభిమానం ఇంత ప్రాణాంతకమైతే దాన్ని వెనకేసుకు రావడమేమిటని అడుగుతారు. అయితే ఈ మూడుచోట్లా చనిపోయినవాళ్లు చేసిన నేరమేమిటి? ఇరుకు దారిలో, తెరవని గేటు ముందు, గంటలు ఆలస్యమైన సభలో నిలబడటం. 1979 డిసెంబరు 3న అమెరికాలోని సిన్సినాటిలో 'ది హూ' బ్యాండ్ కచేరీ తలుపుల దగ్గర పదకొండు మంది ఇలాగే నలిగిపోయారు. అక్కడ కూడా ముందు అభిమానుల్నే తిట్టారు. తర్వాత అసలు సంగతి తేలింది. సీటు నంబర్లు లేవు, ముందు దూరినవాడిదే చోటు, తెరిచిన తలుపులు తక్కువ. నంబరు లేని సీట్ల పద్ధతిని ఆ నగరం నిషేధించింది. అభిమానాన్ని నిషేధించలేదు.

మిగతా అభ్యంతరాల్లో కొన్నింటికి నా దగ్గర జవాబు లేదు. విడుదల రోజున మేకపోతును నరికి పోస్టర్‌కు రక్తం పూయడం ఏ ప్రేమా కాదు, కేసు పెట్టాల్సిన పనే. ఈ లోకం దాదాపు పూర్తిగా మగవాళ్లది అన్నదీ నిజం. మొదటి ఆటకు ఆడపిల్ల ఒంటరిగా వెళ్లగలిగే వాతావరణం మన అభిమాన సంఘాలు కల్పించలేదు. కులం మాటకొస్తే, కోస్తాలో చాలా ఊళ్లలో హీరోల జెండాల వెనక కులాల జెండాలున్నాయి, కాదనలేం. సీమలోని ఈ మూలలో మాత్రం ఆ లెక్క అంత తేలిగ్గా కుదరదు. ముస్లింలు, కురుబలు, బోయలు, చేనేత కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్న ఊళ్లలో హీరో కులం వాళ్లతోనే థియేటర్ నిండదు. కుర్రాళ్ల జీవితాలు పాడవుతున్నాయన్న మాట అన్నిటికంటే ఎక్కువగా వినిపిస్తుంది, అన్నిటికంటే బలహీనమైనదీ అదే. మగ్గం మీద పని లేనప్పుడు, కియా కార్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాంట్రాక్టు దొరకనప్పుడు కుర్రాడి జీవితాన్ని పాడుచేసేది ఏడాదికి రెండు సినిమాలు కాదు. పైగా ఓ సంఘంగా కూడి, చందాలు వసూలు చేసి, లెక్క చెప్పి, పోలీసు అనుమతి తెచ్చుకుని ఒక పని నడపడం వాళ్లు మొదట నేర్చుకునేది అక్కడే. 1998లో మొదలైన చిరంజీవి బ్లడ్ బ్యాంకుకు రక్తమిచ్చి నిలబెట్టిన వాళ్లలో అభిమానులే ముందున్నారు.

ఈ విధేయతను డబ్బు చేసుకునేవాళ్ల మీద మాత్రం ఎగతాళి ఉండదు. 'పుష్ప 2' ముందురోజు ఆటకు తెలంగాణలో మామూలు ధర మీద 800 రూపాయలు అదనంగా వసూలు చేసుకోవడానికి ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. పెద్ద సినిమా వచ్చినప్పుడల్లా ఆంధ్రప్రదేశ్‌లోనూ ధరల పెంపు జీవోలు వెలువడుతూనే ఉన్నాయి. ఆ పెరిగిన ధర కట్టేది సమీక్షలు చదివి రెండోవారం వెళ్లే ప్రేక్షకుడు కాదు, మొదటి ఆటకు పోకుండా ఉండలేని ఈ పాత అభిమానే. అతని బలహీనత మీద పన్నులాంటిది వేస్తున్నప్పుడు, అదే జీవోలో సీటు నంబర్లు, తెరిచి ఉంచాల్సిన తలుపులు, హీరో వస్తున్నాడంటే ముందుగా చెప్పాల్సిన గడువు రాయడానికి అడ్డేమిటి? వినాయక నిమజ్జనానికి వారం ముందు మండపాల నిర్వాహకులను పిలిచి పోలీసులు దారులు, వేళలు మాట్లాడుకుంటారు. అభిమాన సంఘాల వాళ్లనూ అలాగే విడుదలకు ముందు పిలవవచ్చు. ఇప్పుడైతే గొడవయ్యాకే పిలుస్తున్నారు, స్టేషన్‌కు.