ఒక మార్కు ప్రశ్నలో మిగిలిన మనిషి

గ్రూప్స్‌కి చదివే పిల్లల్ని ఎవరినైనా గ్రాన్‌విల్ ఆస్టిన్ ఎవరని అడగండి, తడుముకోకుండా చెబుతారు. భారత సమాఖ్యను 'సహకార సమాఖ్య' అన్నాయన. కె.సి.వేర్ అయితే 'అర్ధ సమాఖ్య', మోరిస్ జోన్స్ అయితే 'బేరసారాల సమాఖ్య'. పేర్లన్నీ ఏ, బి, సి, డిలుగా వరసలో ఉంటాయి. సరైన బబుల్ నింపితే ఒక మార్కు. రెండు లావుపాటి పుస్తకాలు, వాటి మధ్య గడిచిన ముప్పై మూడేళ్లు ఆ చుక్క కిందే ఉండిపోయాయి.

ఆస్టిన్ 1927లో అమెరికాలో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధనకు మన రాజ్యాంగ రచనను ఎంచుకున్నారు. ఆ పరిశోధనే 1966లో మొదటి పుస్తకంగా వచ్చింది. ఆయన ఆ పనిలో దిగేనాటికి రాజ్యాంగ సభలో కూర్చున్నవాళ్లు చాలామంది ఇంకా బతికే ఉన్నారు. వాళ్లను కలిసి మాట్లాడారు, రాజేంద్రప్రసాద్ కాగితాలు తిరగేశారు. లాయరు అధికరణం దగ్గర మొదలుపెడతాడు. ఈయన మాత్రం ఆ అధికరణం మీద ఎవరు ఎవరితో పేచీ పడ్డారు, చివరికి ఎవరు తగ్గారు అన్న దగ్గర మొదలుపెట్టారు. మన రాజ్యాంగాన్ని పరాయి దేశాల నకలుగా తీసిపారేసేవాళ్లకు ఆయన ఇచ్చిన జవాబు కూడా అందులోనే ఉంది. తెచ్చుకున్నవి ఎన్ని ఉన్నా, వాటిని ఒకచోట ఇమిడ్చిన తీరు ఇక్కడిదే అంటారాయన. చేతులెత్తించి నెగ్గడం కంటే అందరూ సరేననేదాకా మాట్లాడుకోవడం ఆ తీరు.

అది దాదాపు చెడిపోయింది భాష దగ్గర. 1949 సెప్టెంబరు 14న సభ ఒప్పుకున్న మున్షీ–అయ్యంగార్ సూత్రాన్ని ఆస్టిన్ మనస్ఫూర్తి లేని రాజీగా చూశారు. దేవనాగరి లిపిలో హిందీ అధికార భాష, పదిహేనేళ్లపాటు ఇంగ్లీషు కొనసాగింపు. అక్కడిదాకా సభ్యులు ఎలాగో వచ్చారు గానీ అంకెల దగ్గర మళ్లీ చిక్కుపడ్డారు. 1, 2, 3 అని రాయాలా, నాగరి అంకెలు రాయాలా? చివరికి 343వ అధికరణంలో పెట్టిన మాట 'భారతీయ అంకెల అంతర్జాతీయ రూపం'. ఇటు భారతీయం, అటు అంతర్జాతీయం! ఎవరి ముఖమూ చిన్నబోకుండా ఒక తగువు తీర్చడం ఎంత కష్టమో ఆ నాలుగు మాటలు చూస్తే తెలుస్తుంది. సమాఖ్య మీద పేజీలకు పేజీలు రాసినవాళ్ల కంటే ఈ అంకెల గొడవ చెప్పిన ఆస్టినే నాకు ఎక్కువ నేర్పారు.

రెండో పుస్తకం 1999లో వచ్చింది. దేశ సమైక్యత, ప్రజాస్వామ్యం, సామాజిక విప్లవం ఈ మూడూ ఒకే నేతలోని పోగులని ఆస్టిన్ భావన. ఒకదాన్ని బిగించి లాగితే ఇంకోటి తెగేట్టు ఉంటుంది. అది మొదటి ఏడాదిన్నరలోనే జరిగింది. పట్నా హైకోర్టు బీహారు భూసంస్కరణల చట్టాన్ని కొట్టేయగానే, 1951లో నెహ్రూ ప్రభుత్వం మొదటి సవరణతో తొమ్మిదో షెడ్యూలు తెచ్చి, కోర్టులకు అందకుండా 13 చట్టాలను అందులో దాచింది. పేదవాడికి భూమి రావాలన్నదీ న్యాయమే, కోర్టు తలుపు మూయకూడదన్నదీ న్యాయమే. ఆ పేచీలోంచే 1967లో గోలక్‌నాథ్ తీర్పు వచ్చింది. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించజాలదని 6–5 తేడాతో చెప్పిన ఆ ధర్మాసనానికి పెద్ద మన రాజమండ్రి మనిషి కోకా సుబ్బారావు. తీర్పిచ్చిన కొన్ని వారాలకే పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికల్లో ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడి, జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. తీర్పును మెచ్చేవాళ్లకు కూడా ఆ అడుగు మింగుడుపడలేదు. నాకూ పడదు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చజాలదన్న సిద్ధాంతం 7–6తో నిలిచింది. ఆ ఏడుగురిలో హైదరాబాదు నుంచి వెళ్లిన పి.జగన్‌మోహన్‌రెడ్డి ఒకరు. మర్నాడే ప్రభుత్వం ముగ్గురు సీనియర్లను దాటించి ఎ.ఎన్.రేను ప్రధాన న్యాయమూర్తిగా ప్రకటించింది. అక్కడినుంచి ఎమర్జెన్సీ దాకా ఆస్టిన్ కథనం ఆపకుండా చదివిస్తుంది.

ఆయనతో నాకు పేచీ లేకపోలేదు. మొదటి పుస్తకంలో కాంగ్రెస్ పెద్దల పట్ల చాలా మెత్తగా ఉన్నారు. అందరూ సరేనన్నారు అంటున్నప్పుడు ఆ అందరూ ఎవరన్న ప్రశ్న ఉండనే ఉంది. సభ్యులను ఎన్నుకున్నవి ఆస్తి, చదువు ఉన్నవాళ్ల ఓట్లతో ఏర్పడిన ప్రాంతీయ శాసనసభలు. హైదరాబాద్ సంస్థానం తరఫున అసలు ఒక్క ప్రతినిధీ కూర్చోలేదు. నాంపల్లి గోల్డెన్ త్రెషోల్డ్ ఇంటి సరోజినీనాయుడు కూడా బీహారు సభ్యురాలిగానే అక్కడ ఉన్నారు. 1949 నవంబరు 23న నిజాం ఫర్మానాతో రాజ్యాంగం ఇక్కడికి వచ్చింది. తెలంగాణ జనం అడగవలసినవి, అడ్డుపడవలసినవి ఆ చర్చల్లో లేకుండానే పోయాయి.

2011లో మన ప్రభుత్వం ఆస్టిన్‌కు పద్మశ్రీ ఇచ్చింది. 2014లో పోయారు. తెలుగులో రాజ్యాంగం మీద పుస్తకం కావాలని షాపుకెళ్తే ఇప్పటికీ ముందు చేతికి వచ్చేది బిట్ బ్యాంకే. నెల్లూరు జిల్లా అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, కాకినాడ దుర్గాబాయి, బందరు పట్టాభి ఆ సభలో ఏం మాట్లాడారో, ఎక్కడ పట్టుబట్టారో, ఎక్కడ తగ్గారో రాయగలవాళ్లు మాకు రాయండి. పేజీల లెక్క పెట్టం.