మన పిల్ల ఫుట్‌బాల్ ఆడుతానంటే

గ్రాంట్ రోడ్ చాళ్ళలో క్రికెట్ మాట్లాడని గడప లేదు. కాని ఒక ఆడపిల్ల వచ్చి "నేను ఫుట్‌బాల్ ఆడుతాను" అంటే ఇంట్లో రెండు ప్రశ్నలు లేస్తాయి. నలుగురూ ఏమనుకుంటారు? దానివల్ల పొట్ట గడుస్తుందా? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పే ఓపిక మాకు లేదు. ఆడపిల్ల బడికి పోయిన నాడూ, ఆఫీసుకు పోయిన నాడూ ఆ నలుగురే అన్నారు, తరువాత ఊరుకున్నారు. రెండవ ప్రశ్న మాత్రం న్యాయమైనది. తండ్రి అడగవలసిన ప్రశ్నే.

మన పెద్దలలో చాలామంది నిజాం రాజ్యపు తెలంగాణా జిల్లాల నుంచి కూలికీ నాలికీ వచ్చి ఈ బొంబాయి కట్టడాలకు రాళ్ళెత్తినవారు. ఆ కామాఠీల పేరే కామాఠీపురకు నిలిచింది. ఆ వైపునే, నిజామాబాదు జిల్లాలో ఒక తండాలోని రైతు కుటుంబంలో పుట్టింది గుగులోత్ సౌమ్య. కాళ్ళలో వేగం ఉన్న పిల్ల. మైదానపు అంచు వెంబడి బంతిని తీసుకుపోయి గోలు దగ్గరికి చేర్చడం ఆమె పని. 2021లో భారత జట్టులో ఆడింది. 2022లో జ్యోతి చౌహాన్ అనే మరొక అమ్మాయితో కలిసి క్రొయేషియా దేశానికి పోయి డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది. తండా ఎక్కడ, జాగ్రెబ్ ఎక్కడ! గోకులం కేరళకు ఆడింది, తరువాత కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఈస్ట్ బెంగాల్ ఒడిశా జట్టును 1-0తో ఓడించి మహిళల లీగును గెలిచింది. ఆ ఒక్క గోలూ సౌమ్యదే. ఆ సంవత్సరానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను దేశంలోకెల్లా ఉత్తమ క్రీడాకారిణిగా ఎంచింది.

ఇంత వరకు చదివి సంతోషించిన పాఠకులు ఇప్పుడు కొంచెం లెక్క చూడాలి. మహిళల లీగు మొదలైనది 2016-17లో. మొదట్లో జట్లన్నిటినీ ఒకచోట చేర్చి కొద్ది వారాల్లో ముగించేవారు. ఒకరి ఊళ్ళో ఒకసారి, మరొకరి ఊళ్ళో ఒకసారి ఆడే పద్ధతి 2023-24లోనే వచ్చింది. 2024-25లో 8 జట్లు, జట్టుకు 14 ఆటలు. ఏడాది పొడుగునా చెమటోడ్చేది 14 ఆటలకు! మన చాళ్ళలో భజన మండలి ఇంతకంటె ఎక్కువసార్లు కూర్చుంటుంది. జట్టులో కనీసం 10 మంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3 లక్షల 20 వేల రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వాలని 2023లో సమాఖ్య తీర్మానించింది. అంటే నెలకు దాదాపు 27 వేలు. గుమాస్తా జీతమే అనుకోండి. కాని గుమాస్తా యాభై ఎనిమిదేళ్ళ దాకా కూర్చుని రాయగలడు, మోకాలు పోయినా రాయగలడు.

మగవారి సంగతి ఎప్పుడూ మేలుగా ఉండేదనుకోకండి. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు మన కూపరేజ్ మైదానంలో రోవర్స్ కప్పును గెలిచినది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. పేరులోనే ఉన్నది చూడండి, పోలీసు అని! ఉద్యోగం ఉన్నది గనుక ఆట ఉన్నది. సికింద్రాబాదు తులసీదాస్ బలరాం మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్సు ఆడినవాడు, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చినవాడు. ఆయన పేరు మోగినదీ ఈ ఈస్ట్ బెంగాల్‌లోనే. ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై ఏడేళ్ళకే ఆట మానవలసివచ్చింది. తరువాత ఆయనను నిలబెట్టినది రైల్వే ఉద్యోగం.

ఆడవారిలోనూ అదే దారి కనబడుతున్నది. 2025 జూలై 5న థాయిలాండు గడ్డమీదే థాయిలాండును 2-1తో ఓడించి మన జట్టు ఆసియా కప్పుకు అర్హత పొందింది. ఆ రెండు గోల్సూ కొట్టిన సంగీతా బాస్‌ఫోర్ మైదానం నడుమ ఆడే పిల్ల. వెనుకవారి నుంచి బంతి అందుకొని ముందువారికి అందించడం నడుమ ఆడేవారి పని. ఇంట్లో తల్లి పనిలాంటిది, అందరికీ అందాలి, తన పేరు మాత్రం పేపర్లో పడదు. ఆ రోజు పడింది. ఆమె సశస్త్ర సీమాబల్ జట్టుకు కూడా ఆడిన అమ్మాయి. రైల్వేలు, పోలీసు, సీమాబల్ ఇలా క్రీడల కోటాలో ఇచ్చే ఉద్యోగాలు మన పిల్లలకు కొత్త మాట కారాదు.

కనుక ఆడతానన్న పిల్లను ఆపమని మేము చెప్పము. చదువు మాత్రం మాన్పించకండి. పదో తరగతి సర్టిఫికెట్టు లేకపోతే కోటా ఉద్యోగం తలుపు దగ్గరే ఆగిపోతుంది. ఏ క్లబ్బువారైనా కాగితం మీద సంతకం పెట్టమంటే, జీతమెంత అని అడిగి ఊరుకోకండి. ఎన్ని నెలలకు? ప్రాక్టీసు నుంచి రాత్రి ఇంటికి ఎవరు చేరుస్తారు? మోకాలి నరం తెగితే ఆపరేషను ఖర్చు ఎవరిది, ఆ ఆరేడు నెలలూ జీతం ఆగుతుందా, సాగుతుందా? ఈ జవాబులు నోటిమాటగా కాదు, ఆ కాగితం మీదనే రాయించుకోండి.